నాగోబా జాతర బిట్ మాత్రమే కాదు!

గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నారా? 'నాగోబా జాతర ఎక్కడ?' అంటే 'కేస్లాపూర్' అని టక్కున చెప్పేస్తారు కదూ! మరి ఎప్పుడైనా వెళ్లి చూశారా?

ఆదిలాబాద్ జిల్లాలో పుష్య అమావాస్యకు జరిగే ఈ జాతర కోసం మెస్రం వంశానికి చెందిన గోండులు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఆ దారులు, వాగులు, చెట్లే చిన్నవాళ్లకు పాఠాలు. 1940లో కుమ్రం భీం నేలకొరిగాక, ఆదివాసీల గోడు వినడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో ఇక్కడ దర్బార్ మొదలైంది. ఇప్పటికీ అధికారులు వచ్చి అర్జీలు తీసుకుంటారు.

రేపు ఏ ఐటీడీఏలోనో పోస్టింగ్ వస్తే ఆ అర్జీ మీ టేబుల్ మీదకే వస్తుంది. అందుకే ఈసారి వెళ్లండి. ఫొటోలు తర్వాత, ముందు అర్జీదారుల పక్కన కూర్చుని వినండి. పోడు పట్టా, తాగునీరు, రోడ్డు... ఒక్కో అర్జీ వెనక ఒక్కో ఊరి కథ ఉంటుంది.

మీ ఇంట్లోనే గోండి మాట్లాడతారా? రెజ్యూమేలో ఆ మాట దాచొద్దు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. బడిలోనైనా, ఆసుపత్రిలోనైనా అవతలివాళ్ల భాష తెలిసినవాళ్లకే వాళ్ల బాధ ముందు తెలుస్తుంది. అదీ నైపుణ్యమే!