ఇంటను, పనిచోటను సువాసన

గ్రామ పంచాయతీ సమావేశములలో రోడ్లను గూర్చియు, వీధి దీపములను గూర్చియు, మంచినీటిని గూర్చియు చర్చలు జరుగుచుండును. వాసనను గూర్చిన చర్చ అరుదు. కాని పీల్చెడి ప్రతి ఊపిరితోను పరిసరముల వాసన మనలోనికి ప్రవేశించుచునే యుండును. అది మంచిదైనచో మనస్సు తేలికపడును. చెడ్డదైనచో చిరాకు పుట్టును, అన్నము సయింపదు, చేయు పనిమీద శ్రద్ధ నిలువదు. కావున ఇంటను, పనిచోటను మంచి వాసన యుండునట్లు చూచుట ధనవంతుల విలాసమని భావింపరాదు. పంచాయతీ సభ్యులు పూనుకొనవలసిన పనులలో ఇదియు నొకటి.

వాసన మనస్సును చేరు విధము

పూవునుండి గాని, పెంటనుండి గాని వెలువడు అతి సూక్ష్మములైన అణువులు గాలిలో కలిసి, ముక్కు లోపలి పైభాగముననున్న పలుచని పొరను తాకును. ఆ పొరలోని కణములపై వాసనను పట్టెడి గ్రాహకములు సుమారు 400 రకములు కలవు. వీనిని గూర్చి 1991లో ప్రకటించిన పరిశోధనలకు గాను అమెరికా శాస్త్రజ్ఞులు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనువారికి 2004లో నోబెల్ బహుమతి లభించినది. ముక్కునుండి బయలుదేరిన నాడులు, మెదడులో భావములకును జ్ఞాపకములకును స్థానములైన భాగములను ఇతర జ్ఞానేంద్రియముల నాడులకంటె దగ్గరి దారిన చేరును. తొలకరి జల్లుకు మట్టి వాసన రాగానే చిన్ననాటి సంగతులు మనస్సునందు మెదలుటకు కారణమిదియే. నేలలోని సూక్ష్మజీవులు తయారుచేయు జియోస్మిన్ అను పదార్థము ఆ మట్టి వాసనకు ముఖ్య కారణము. ఉత్తర ప్రదేశమునందలి కన్నౌజులో ఈ వాసననే బట్టీపట్టి మట్టి అత్తరు చేయుదురు.

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు అనేకులు వాసన శక్తిని కోల్పోయిరి. తిన్నది రుచింపక, మనస్సునకు ఉత్సాహము లేక వారు బాధపడిరి. వాసన విలువ ఎంతటిదో నాడు అందరికిని తెలిసివచ్చినది.

ముందు దుర్గంధమును తొలగింపవలెను

ముక్కునకు ఒక విచిత్ర లక్షణము కలదు. ఒకే వాసన ఎడతెగక వచ్చుచున్నచో, కొద్ది నిమిషములలో ముక్కు దానిని గుర్తించుట మానివేయును. మురుగు కాలువ ప్రక్కన నివసించువారికి ఆ కంపు అంతగా తెలియకపోవుటయు, క్రొత్తగా వచ్చిన చుట్టము ముక్కు మూసికొనుటయు ఇందువలననే. కావున మన వీధి బాగుగనే యున్నదని మనమే తీర్పు చెప్పుకొనరాదు. పొరుగూరి సభ్యులను పిలిచి, వారితో కలిసి ఒక ఉదయము వీధులన్నియు తిరిగి రావలెను. వారు ఆగిన చోట్లను వ్రాసికొన్నచో, అదియే పంచాయతీ చేయవలసిన పనుల పట్టిక యగును.

దుర్గంధముపై సువాసన చల్లినంత మాత్రమున దాని కారణము పోదు. కాలువకు వాలు సరిచేసి పూడిక తీయించవలెను. ఇండ్ల వాడుక నీటికి ఇంకుడు గుంటలు త్రవ్వించవలెను. మూత్రమునందలి యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మార్చుటచేత మూత్రశాలలు ఘాటుగా కంపుకొట్టును. తరచుగా నీటితో కడిగించుటయే దీనికి మందు. మరుగుదొడ్డి బేసిను క్రింద నిలిచియుండు సుమారు 2 సెంటీమీటర్ల నీరు గుంటలోని కంపును పైకి రానీయదు. వాడకలేని దొడ్లలో ఈ నీరు ఆవిరియైపోవును. సెలవులలో బడి దొడ్లయందు అప్పుడప్పుడు చెంబెడు నీరు పోయించినను చాలును.

మన యిండ్ల పరిమళములు

సువాసనకై మనము దూరదేశములకు పోనక్కరలేదు. మల్లె, సన్నజాజి, సంపెంగ, మరువము, దవనము మన పెరళ్లలో పెరుగునవే. మల్లెమొగ్గ సాయంకాలమున విచ్చి రాత్రి పరిమళించును. ఈ పరిమళమునందు ఇండోల్ అను పదార్థము స్వల్పముగా కలదు. అదియే అధికమైనచో మలపు కంపును తలపించును. ఏ వాసనయైనను మితముగా నున్నపుడే హితమని దీనివలన తెలియుచున్నది.

పూలు ధరించుటవలన కలుగు ఆహ్లాదము కొందరికే పరిమితము కారాదు. భర్త మరణించిన స్త్రీ పూలు ముట్టరాదను ఆచారము ఇంకను కొన్నిచోట్ల వినబడుచున్నది. దుఃఖములోనున్న మనిషికి ఊరట నిచ్చు వస్తువును దూరము చేయుట న్యాయమా యని పెద్దలు ఆలోచింపవలెను.

వట్టివేరు మరియొక వరము. పొడిగాలి వీచు వేసవిలో వట్టివేళ్ల తడికలను తడిపి కిటికీలకు కట్టినచో, నీరు ఆవిరియగుచు గదిని చల్లబరచును, పరిమళమును ఇచ్చును. ఉక్కపోతగా నుండు కోస్తా గ్రామములలో చల్లదనము అంతగా కలుగదు. తడికల క్రింద నీరు నిలువనిచ్చినచో దోమలు పెరుగును. గట్లపై నాటిన వట్టివేరు లోతుగా వేళ్లు తన్ని మన్ను కోతను ఆపును; అట్టి దుబ్బులను వేళ్లకొరకు త్రవ్వరాదు. వేళ్లకై వేరుగా మడి వేసికొనవలెను.

పనిచోట

పంచాయతీ కార్యాలయమునకు అర్జీతో వచ్చువాడు కలవరపడుచు వచ్చును. పాత కాగితముల ముక్కవాసనయు, ఉమ్ముల కంపును గల గదిలో అతని కలవరము హెచ్చును. కిటికీలు తెరచి, నేల తుడిపించి, ఒక పాత్రలో నీరుపోసి గుప్పెడు పూలుంచుటకు కాగల వ్యయమెంత?

అయితే కొన్ని పనులయందు సువాసనకంటె మంచి గాలి ముఖ్యము. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో ఇండ్లయందే బీడీలు చుట్టు స్త్రీలు పొగాకు దుమ్మును పీల్చుచుందురు. మిరప కల్లములలోని కూలీలకు ఘాటు తప్పదు. ఇట్టివారికి గాలి యాడు వసారాయు, ముక్కునకు గుడ్డయు, కడుగుకొనుటకు నీరును కావలెను. అగరువత్తి వెలిగించుట వారికి మేలు కాదు. పొగకు పొగ తోడగును.

జాగ్రత్తలు

అగరువత్తి, సాంబ్రాణి, గుగ్గిలము ఏదైనను కాలినపుడు ఊపిరితిత్తులకు హాని చేయు సూక్ష్మ ధూళి వెలువడును. తలుపులు మూసిన గదిలో వీనిని కాల్చరాదు. స్నానానంతరము పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయు అలవాటు ఆప్యాయతతో కూడినదే యైనను, లేత ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. మెత్తని పొడిగుడ్డతో తల తుడిచి, ఆ ఆప్యాయతను చూపవచ్చును.

కర్పూరమును, నాఫ్తలీను ఉండలను పిల్లలు మ్రింగినచో ప్రాణాపాయము కలుగవచ్చును. నీలగిరి తైలమును పసిపిల్లల ముక్కునకు పూయరాదు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారినపుడు తెలియుటకై దానిలో దుర్వాసన గల పదార్థమును కలుపుదురు. ఆ వాసన వచ్చినపుడు అగరువత్తి వెలిగించుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటయే. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, మీటలు ముట్టక బయటకు రావలెను.

సువాసన తైలములు రోగములు కుదుర్చునని చెప్పి అమ్మువారిని నమ్మరాదు. లావెండరు వంటి కొన్ని పరిమళములు ఆందోళనను కొంత తగ్గించునని పరిశోధనలలో కనబడినది. అంతకుమించి ఆశింపరాదు. జబ్బునకు వైద్యుడే గతి.

పంచాయతీ చేయదగినది

తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము తరువాత గ్రామ గ్రామమున నర్సరీలు వెలసినవి. ఆంధ్ర ప్రదేశములో కడియము నర్సరీలు ప్రసిద్ధములు. బడి ఆవరణమున పొగడ, పారిజాతము, సంపెంగ నాటింపవచ్చును. పొగడపూలు ఎండినను వాసన వీడవు. బాలికలు దండలు గ్రుచ్చుకొందురు. గన్నేరు విషపు మొక్క గనుక అంగన్‌వాడీ దరిదాపుల నుండరాదు. వేప నాటినచో నీడయు, ఉగాదినాటికి కమ్మని పూత వాసనయు లభించును.

మురుగు పారి, పెంట తొలగి, ఊరి మొగదలనే పొగడపూల వాసన ఎదురు వచ్చినచో, ఆ గ్రామ పంచాయతీ చక్కగా పని చేయుచున్నదని బాటసారి సైతము గ్రహింపగలడు. రాబోవు సమావేశముననే సభ్యులు ఈ విషయమును చర్చకు తెచ్చెదరని మేము ఆశించుచున్నాము.