ఆకు తోట దాటొద్దు

ఫాల్గుణం వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో చెట్లు ఆకు దులపడం మొదలుపెడతాయి. రావి, వేప, ఇప్ప, టేకు ఒకదాని వెనక ఒకటి. పొద్దున్నే మాలీ వచ్చి ఊడ్చి కుప్ప పోస్తాడు. ఆ కుప్పకి చాలాచోట్ల రెండే దారులు: అగ్గిపుల్ల, లేదంటే కార్పొరేషన్ చెత్తబండి. అదే ఇంటివాళ్లు వానలు పడగానే నర్సరీకి వెళ్లి వర్మీకంపోస్టు బస్తాలు మోసుకొస్తారు. తమ నేల బలాన్ని కూలి ఇచ్చి బయటికి పంపి, ధర ఇచ్చి మళ్లీ లోపలికి తెచ్చుకుంటున్నారన్నమాట. తోటపని చేసే సంస్థల ఒప్పందాల్లో 'శుభ్రం చేయడం' అన్న పనికి డబ్బు ఉంటోంది, ఎరువు చేయడానికి ఉండటం లేదు. లోపమంతా అక్కడే ఉంది.

ఈ మాట లింగియాడీహ్‌కి ఇప్పుడు మరీ అవసరం. అర్పా నది దాటి సీపత్ రోడ్డు పట్టుకుంటే వచ్చే ఈ ఊరు, 2019లో బిలాస్‌పూర్ కార్పొరేషన్‌లో కలిసిన 15 గ్రామపంచాయతీల్లో ఒకటి. ఆ చుట్టుపక్కలే అపోలో ఆసుపత్రి, బొగ్గు సంస్థ ఎస్‌ఈసీఎల్ వాళ్ల వసంత్ విహార్, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు. పాత వీధుల్లో ఇంకా పల్లె పోలేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెలో ఇంటి వెనక కూరగాయల పెరడు బాడీ, ఎరువుగొయ్యి ఘురువా. వాగులు, పశువులతో పాటు ఈ రెంటినీ కలిపి రాష్ట్ర ప్రభుత్వం 2019లో ఒక పథకమే నడిపింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి కొలువుల కోసం వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకి ఘురువా కొత్త సంగతేం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పశువులున్న ప్రతి ఇంటికీ పెంటకుప్ప ఉండేది. ఊరు పట్నంలో కలిసినప్పుడు ముందుగా పూడిపోయేది ఆ గొయ్యే. దాని మీద కారు నిలపడానికి సిమెంటు గచ్చు పడుతుంది. ఒకసారి గచ్చు పడ్డాక మళ్లీ తవ్వేవాళ్లు ఉండరు. అందుకే, పట్నంలో కలిసి ఎక్కువ కాలం కాని ఇలాంటి ఊళ్ల గురించే తొందర.

చట్టం చెప్పాల్సింది ఎప్పుడో చెప్పింది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తోట వ్యర్థాన్ని ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా ఉంచాలన్నాయి. పార్కుల్లో రాలినదాన్ని వీలైనంతవరకు ఆ పార్కుల్లోనే ఎరువుగా మార్చాలని మున్సిపాలిటీలకీ చెప్పాయి. అదే ఏడాది డిసెంబరు 22న అల్మిత్రా పటేల్ కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చేవారికి 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా వేయాలని ఆదేశించింది. జరిమానా భయంతో కాల్చడం ఆగవచ్చు, ఎరువు మాత్రం తయారుకాదు. దానికి పని తెలిసిన చేతులు కావాలి.

ఆ పని చూద్దాం. ఎండుటాకులో కార్బన్ ఎక్కువ, కోసిన లాన్ గడ్డిలో, వంటింటి తొక్కల్లో నత్రజని ఎక్కువ. ముప్పై పాళ్ల కార్బన్‌కి ఒక పాలు నత్రజని దగ్గర సూక్ష్మజీవులు జోరుగా పనిచేస్తాయి. లెక్క కట్టనక్కర్లేదు. మూడు తట్టల ఎండుటాకుకి ఒక తట్ట పచ్చిది, పైన కాస్త పేడనీళ్లు చల్లితే చాలు. కుప్ప కనీసం మూడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. సరిగ్గా పేరిస్తే కొద్దిరోజుల్లోనే లోపల 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కలుపు గింజలు, తెగుళ్ల క్రిములు చాలావరకు చస్తాయి. ఒక పిడికెడు తీసి పిండితే చేతికి తడి అంటాలి, ధార కారకూడదు. పది పదిహేను రోజులకోసారి తిరగేయాలి. వాసన వస్తోందంటే పచ్చిది ఎక్కువైందనో, గాలి అందడం లేదనో అర్థం. ఇంకాస్త ఎండుటాకు కలిపి తిరగేస్తే పోతుంది.

వయ్యారిభామ పూతకొచ్చాక కుప్పలో వేయకపోవడమే మేలు. నరమామిడి, టేకు ఆకులు మొండివి, తొక్కి నలిపి వేయాలి. లావు కొమ్మల్ని ముక్కలు చేయడానికి ష్రెడర్ యంత్రం కావాలి. ఒక్క కాలనీకి అది మోయలేని ఖర్చు, నాలుగైదు కాలనీలు కలిసి కొనుక్కుంటే తేలిక. నలభై అయిదు డిగ్రీల ఎండలు కాసే మధ్య భారతంలో అన్ని ఆకుల్నీ ఎరువు చేయక్కర్లేదు కూడా. మొక్కల పాదుల్లో మూడంగుళాల మందాన ఎండుటాకు పరిస్తే తడి ఆరదు, నీళ్ల ఖర్చు తగ్గుతుంది, చివరికి అదీ మట్టే అవుతుంది. పాదుని బోడిగా ఊడ్చి ఉంచితేనే అందమన్న అలవాటు మారాలి.

కంపోస్టు విద్య తీరు దిద్దుకున్నదీ మధ్య భారతంలోనే. ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో ఉండి, అక్కడి రైతుల పద్ధతులు గమనిస్తూ తీర్చిదిద్దిన కంపోస్టు విధానం ఆ ఊరి పేరుతోనే ప్రపంచమంతా తిరిగింది. యవత్మాల్ ప్రాంతపు రైతు నారాయణ్ దేవతావ్ పాంఢరీపాండే గాలి కన్నాలున్న ఇటుక తొట్టితో నాడెప్ పద్ధతి తెచ్చారు. కొద్దిపాటి పేడతో ఎంతో ఎరువు వస్తుందందులో. పశువులు తగ్గిపోతున్న పట్నపు శివార్లకి దీనికన్నా సరిపడేది లేదనిపిస్తుంది.

మనుషులు ఈ పని చేయగలరా అన్న అనుమానం ఉంటే ఛత్తీస్‌గఢ్‌లోనే అంబికాపూర్ ఉంది. 2015లో కలెక్టర్ రీతూ సైన్ హయాంలో అక్కడి 48 వార్డుల చెత్తసేకరణను స్వయంసహాయక సంఘాల మహిళలకి అప్పగించారు. నాలుగు వందల మందికి పైగా మహిళలు ఇంటింటా తడి, పొడి విడిగా తీసుకుని, కేంద్రాల్లో మళ్లీ మళ్లీ వేరుచేసి, అమ్మాల్సినవి అమ్మి, తడిదాన్ని ఎరువు చేశారు. ఊరి పాత డంపింగ్ యార్డు పార్కు అయింది. 2020 జూలై 20న మొదలైన గోధన్ న్యాయ్ పథకంలో ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి పేడ కొన్నప్పుడు గ్రామాల్లో వేలమంది మహిళలు వానపాముల ఎరువు చేయడం నేర్చారు. ప్రభుత్వాలు మారితే పథకాలు మారతాయి, నేర్చిన విద్య చేతిలోనే ఉంటుంది. కాలనీ తోటలు పిలవాల్సింది ఆ చేతుల్నే.

హైదరాబాద్‌లో ఇంకో రెండు పాఠాలున్నాయి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకి పది టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో వచ్చింది. అది ఒకేచోట గుట్టపడే మెత్తని వ్యర్థానికి తగిన మార్గం, కాలనీల్లో చెదిరిపడే ఎండుటాకుకి కాదు. రెండోది, కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి డాబా మీద పెంచి ఊరూరా ప్రచారం చేసిన మిద్దెతోట. వంటింటి తొక్క అక్కడ గుమ్మం దాటదు, మెట్లెక్కి మిద్దె మీదకి వెళుతుంది.

తోటపనిలో కుళ్లని చెత్తా ఉంది. కడియం నర్సరీల నుంచి దేశమంతటికీ లారీల్లో వెళ్లే మొక్కలు నల్ల పాలిథీన్ సంచుల్లో వెళతాయి. మొక్క నాటాక ఆ సంచిని చించి అక్కడే పారేస్తారు, ముక్కలు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. చించకుండా, మొక్కని తలకిందులు చేసి మెల్లగా జార్చితే సంచి మళ్లీ పనికొస్తుంది. కడిగి కట్టగట్టి స్థానిక నర్సరీకి తిరిగివ్వచ్చు. పురుగుమందు డబ్బాలు మాత్రం మళ్లీ వాడుకోవడానికి ఎవరికీ ఇవ్వకూడదు, వాటిలో మొక్కలు పెంచకూడదు, ప్రమాదకర వ్యర్థంగా విడిగా అప్పగించాలి.

కాబట్టి కాలనీ సంఘాలు ఈసారి తోట ఒప్పందం రాసేటప్పుడు కొన్ని వాక్యాలు చేర్చాలి. ఆకు ఆవరణ దాటకూడదు. కుప్పకి నీడన చోటు, నీటి కుళాయి సంఘం ఇవ్వాలి. తిరగేసే పని గంటలకి విడిగా కూలి కట్టాలి, చేతితొడుగులు, మాస్కు ఇవ్వాలి. తోటకి సరిపోగా మిగిలిన ఎరువు అమ్మితే ఆ డబ్బులో సగం మాలీది.