చుక్కాని మాట వినెడి ఓడ

ఆంగ్లభాషలో 'యేర్' అను చిన్న విశేషణ మొకటి కలదు. కొందరు దీనిని 'యార్' అనియు పలుకుదురు. చుక్కాని త్రిప్పిన తోడనే తడవు సేయక తిరుగు నోడకు ఈ మాట చెల్లును. 'యేర్ షిప్' అని నామమునకు ముందును, క్రియకు తరువాత విడిగాను దీనిని వాడవచ్చును. ప్రాచీనాంగ్లమున 'సిద్ధముగా నున్న' అను నర్థముగల పదమునుండి ఇది వచ్చినది. కావున దీనియందు మెత్తదనముకంటె సంసిద్ధతయే ప్రధానము.

షేక్స్పియరు మహాకవి 'టెంపెస్టు' నాటకారంభమున, తుపానులో చిక్కిన నావికులను త్వరపెట్టుటకు ఈ పదమునే వాడెను. అచ్చట 'చురుకుగా' అని యర్థము. 'ఆంటొనీ క్లియోపాత్రా' నాటకమున సీజరు ఓడలు ఇట్టివనియు, ఆంటొనీ ఓడలు బరువైనవనియు ఒక యనుచరుడు హెచ్చరించును. ఆ హితము వినక సముద్రముపై పోరిన ఆంటొనీ క్రీ. పూ. 31లో ఆక్టియమువద్ద ఓడిపోయెను. నేడీ పదము వాడుకలో నరుదు. 1940లో వచ్చిన 'ఫిలడెల్ఫియా స్టోరీ' అను చలనచిత్రమున నాయిక ఒక పడవను మెచ్చుచు ఈ మాట పలుకును.

జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లికి సముద్రము బహుదూరము. అచ్చటి యాడుబిడ్డకు ఓడమాట యేల యని యడుగవచ్చును. చేరువనున్న ధర్మపురియొద్ద గోదావరిలో పడవను చూచినవారికి ఈ సంగతి సుబోధము. చుక్కానిని నీరు ఒరసికొని పారిననే గాని పడవ తిరుగదు. నీటితో సమముగా కొట్టుకొనిపోవు పడవకు చుక్కాని యుండియు లేనట్లే. ఒడ్డున కట్టివేసిన పడవ గతియు నంతియే.

మన యిండ్లలో 'చెప్పినట్లు వినును' అని పిల్లను మెచ్చుకొందురు. ఆ మెప్పునకు 'యేర్' సరియైన యనువాదము కాదని మా యభిప్రాయము. బడి మాన్పించి యింట కూర్చుండబెట్టిన పిల్ల మారుపలుకదు. అది సంసిద్ధత కాదు, కట్టివేయబడిన పడవ నెమ్మది. చదువు సాగుచున్న బిడ్డకే తల్లి చెప్పిన హితము పనికివచ్చును. ఆమె యొకమారు ఎదురు ప్రశ్నించినను కలతపడ నక్కరలేదు. నడుచు పడవయే నీటిని చప్పుడుచేయును.

మరియొక మాట. చుక్కాని యెల్లకాలము తల్లిదండ్రుల చేతనే యుండరాదు. పడవ నడుపుట నేర్పి, తగిన వయస్సున దానిని బిడ్డచేతి కందించుటయే పెంపకమునకు ఫలము. గొల్లపల్లి తల్లులైనను, పట్టణపు తల్లులైనను, ముందుగా విప్పవలసినది ఒడ్డున కట్టిన త్రాడు.