రోగి మంచం పక్కనే అసలు చదువు
ఉక్కు పట్టణం చెప్పే నర్సింగ్ పాఠం

రిసాలి (భిలాయ్): కర్మాగారంలో విషవాయువు సోకి స్పృహ తప్పుతున్న కార్మికుణ్ణి ఆస్పత్రికి తీసుకువస్తారు. వేలికి తగిలించిన ఆక్సీమీటర్ 98 శాతం చూపుతుంది. అనుభవం లేని విద్యార్థిని ఆ అంకె చూసి నిశ్చింత పొందవచ్చు. వాస్తవానికి రోగి ప్రాణాపాయస్థితిలో ఉంటాడు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకు బదులు కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమించినప్పుడు సాధారణ ఆక్సీమీటర్ ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించలేదు. యంత్రం చూపే అంకెను నమ్మాలా, ఎదుట ఉన్న రోగి లక్షణాలను నమ్మాలా అన్నది క్షణాలలో తేల్చవలసిన ప్రశ్న. ఆ క్షణాన మంచం పక్కన ఉండేది చాలా సందర్భాలలో వైద్యుడు కాదు, నర్సు.

విషమస్థితిలో ఉన్న రోగుల సంరక్షణలో నర్సింగ్ విద్యార్థినులకు ఎటువంటి శిక్షణ అవసరమో తెలుసుకోవడానికి భిలాయ్ వంటి ఉక్కు పట్టణానికి మించిన తావు లేదు. సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఈ కర్మాగారం చుట్టూ పెద్ద నగరమే వెలిసింది. అందులో భాగమైన రిసాలి ప్రత్యేక నగరపాలక సంస్థగా ఏర్పడి 2021 డిసెంబరులో తొలి ఎన్నికలు జరుపుకొంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉపాధి కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడిన సంగతి విదితమే. అందుచేత ఇక్కడి ఆస్పత్రుల బాగోగులు తెలుగువారికి పరాయి విషయాలు కావు.

రెండు దుర్ఘటనలు

2014 జూన్ 12న కర్మాగారంలోని పంపుహౌస్ వద్ద వాయువు లీకై ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు సహా ఆరుగురు మరణించారు. ముప్పై మందికి పైగా అస్వస్థులయ్యారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ విభాగంలో గ్యాస్ పైపులైను వద్ద మంటలు చెలరేగి తొమ్మిది మంది అదే రోజు కన్నుమూశారు. తీవ్రంగా కాలిన మరికొందరు ఆ తరువాత చికిత్స పొందుతూ మరణించారు. సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి, ప్రత్యేకించి అందులోని కాలిన గాయాల విభాగం, ఇటువంటి సమయాలలో ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు.

ఒకేసారి పదిమంది క్షతగాత్రులు వచ్చిపడినప్పుడు పుస్తక పరిజ్ఞానం ఒక్కటే చాలదు. 60 కిలోల బరువున్న కార్మికుని శరీరం 40 శాతం కాలిందనుకుందాం. వైద్యులు అనుసరించే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం కిలోకు, కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున తొలి 24 గంటలలో 9,600 మిల్లీలీటర్ల సెలైన్ వంటి ద్రవం ఎక్కించాలి. అందులో సగం మొదటి ఎనిమిది గంటలలోనే వెళ్ళాలి. ఆ ఎనిమిది గంటలను ఆస్పత్రికి చేరినప్పటి నుంచి కాక, కాలిన క్షణం నుంచి లెక్కించాలి. రోగి రెండు గంటలు ఆలస్యంగా వస్తే 4,800 మిల్లీలీటర్లను ఆరు గంటలలో, అంటే గంటకు 800 చొప్పున ఎక్కించవలసి ఉంటుంది. అంతటితో పని ముగియదు. మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు వస్తున్నదీ లేనిదీ కొలిచి రాయాలి. ద్రవం తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఎక్కువైతే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. సూత్రం వైద్యునిదే అయినా, గంటగంటకూ దానిని రోగి స్థితితో సరిచూసేది నర్సు.

ముందే పసిగట్టే విద్య

విషమస్థితి సాధారణంగా హఠాత్తుగా రాదు. అంతకు కొన్ని గంటల ముందే శ్వాస వేగం పెరగడం, రక్తపోటు తగ్గడం, రోగి పొంతన లేకుండా మాట్లాడటం వంటి సూచనలు కనిపిస్తాయి. వీటిని అంకెలలోకి మార్చే పద్ధతిని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి 2017లో సవరించింది. శ్వాస, రక్తంలోని ఆక్సిజన్, అదనపు ఆక్సిజన్ అవసరం, రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఏడు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 5కు చేరితే వైద్యుణ్ణి సత్వరం పిలవాలి, 7కు చేరినా, దాటినా అత్యవసర బృందమే రావాలి. ఖర్చు లేని ఈ పద్ధతికి కావలసినవి గడియారం, చార్టు, నిజాయితీగా లెక్కపెట్టే ఓపిక. శ్వాసను నిమిషం పాటు లెక్కించకుండా అందాజుగా 18 అని రాసే అలవాటు విద్యార్థి దశలోనే పోవాలి.

వెంటిలేటర్‌పై ఉన్న రోగి తన బాధ చెప్పుకోలేడు. తల వైపును 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచడం, నోరు శుభ్రపరచడం, గొట్టంలోని కఫాన్ని పది పదిహేను సెకన్లకు మించకుండా పీల్చివేయడం, ఒరుసుకుపోకుండా తరచు పక్క మార్చడం, ప్రతి స్పర్శకు ముందూ వెనుకా చేతులు కడుక్కోవడం చూడటానికి చిన్న పనులే. వీటిలో ఏది లోపించినా న్యుమోనియా, పుండ్ల ముప్పు పెరుగుతుంది.

విద్యార్థులే ఊపిరైన వేళ

ఇంటెన్సివ్ కేర్ చరిత్రే విద్యార్థుల చేతులతో మొదలైందనడం అతిశయోక్తి కాదు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి అందని రోగుల గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ శ్వాస అందించాలని వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ నిర్ణయించారు. దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్ళు ఆ పని చేశారు. అటువంటి రోగులలో ఎనభై శాతం దాటిన మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఆ మరుసటి ఏడాది ఇబ్సెన్ నెలకొల్పిన విభాగమే నేటి ఐ.సి.యు.లకు మూలమని చెబుతారు. పర్యవేక్షణ ఉంటే విద్యార్థి చేయి కూడా ప్రాణం నిలుపగలదని అది నిరూపించింది. అయితే పర్యవేక్షణ అన్న మాటే ఇక్కడ కీలకం.

మన దేశంలో 2021 ఏప్రిల్‌లో కొవిడ్ రెండో విడత దుర్గ్ జిల్లాను కుదిపివేసింది. భిలాయ్ కర్మాగారం ద్రవ ఆక్సిజన్‌ను ఆస్పత్రులకు తరలించింది. ఆక్సిజన్ దొరికినా దానిని రోగికి తగిన మోతాదులో అందించే శిక్షితులు చాలకపోవడం నాడు దేశమంతటా అనుభవమైంది. మే 3న కేంద్రం బి.ఎస్సి., జి.ఎన్.ఎం. అర్హత గల నర్సులను సీనియర్ల పర్యవేక్షణలో పూర్తికాలం కొవిడ్ విధులలో నియోగించాలని నిర్ణయించవలసి వచ్చింది.

కాగితంపై ఉన్నది, వార్డులో లేనిది

విధానపరంగా అడుగులు పడకపోలేదు. భారత నర్సింగ్ మండలి విషమ రోగుల సంరక్షణలో రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ స్నాతకోత్తర కోర్సును రూపొందించింది. అందులో 20 శాతం పాఠాలు, 80 శాతం ఆస్పత్రి శిక్షణ. 2021లో సవరించిన బి.ఎస్సి. పాఠ్యప్రణాళికలో బొమ్మలపై అభ్యాసానికి, గుండె ఆగినవారిని రక్షించే ప్రాథమిక శిక్షణకు స్థానం కల్పించారు.

అయినా అసలు చిక్కు వార్డులోనే ఉంది. వెంటిలేటర్‌పై ఉన్న రోగికి ప్రతి షిఫ్టులో ఒక నర్సు ఉండాలని నిపుణులు సిఫార్సు చేస్తున్నారు. సిబ్బంది చాలని చోట ఆ ఖాళీని విద్యార్థినులతో పూరించే ధోరణి ఎక్కడైనా ప్రబలుతుంది. దుప్పట్లు మార్చడం, మందులు తెచ్చివ్వడంలోనే డ్యూటీ గడిచిపోతే నేర్చుకునేది శూన్యం. ఇందుకు విరుద్ధంగా, ఐ.సి.యు. అద్దాల వెలుపల నిలబడి చూసి రికార్డు పుస్తకం నింపుకునే చదువూ చదువు కాదు. సొంత ఆస్పత్రి లేని కళాశాలల విద్యార్థినులకు ఈ బెడద మరింత ఎక్కువ.

శిక్షణ పొందినవారిని నిలుపుకోవడం మరో సమస్య. ప్రైవేటు ఆస్పత్రులలో నర్సుల వేతనాలపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశాల మేరకు కేంద్రం నియమించిన నిపుణుల సంఘం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సూచించింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 58 లక్షల మంది నర్సుల కొరత ఉంది. ఈ దశలో నైపుణ్యం గలవారికి విదేశాలు స్వాగతం పలకడంలో వింత లేదు.

ఈ పాఠం భిలాయ్‌కే పరిమితం కాదు. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలో పేలుడు, 2020 మే 7న విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకు తెలుగువారు మరువలేనివి. పరిశ్రమ ఉన్న ప్రతి పట్టణంలోనూ నర్సింగ్ విద్యార్థినికి అక్కడి ప్రమాదాలకు తగిన శిక్షణ ఇవ్వాలి. ఉక్కు పట్టణంలో విషవాయువు, కాలిన గాయాలు, పొలాల మధ్య ఉన్న పట్టణంలో పురుగుమందు, పాముకాటు పాఠ్యాంశాలు కావాలి. ఒక్కొక్క అధ్యాపకురాలికి కొద్దిమందినే అప్పగించి, రాత్రి షిఫ్టులోనూ పర్యవేక్షణ ఉండేలా చూడాలి. ఆక్సీమీటర్ 98 చూపుతున్నా రోగి ముఖం చూసి వైద్యుణ్ణి పిలిచే ధైర్యం అటువంటి శిక్షణ నుంచే వస్తుంది. కర్మాగారానికి డ్యూటీకి వెళ్ళినవాడు క్షేమంగా తిరిగిరావాలని ఎదురుచూసే ఇంటికి ఆ ధైర్యమే భరోసా.