పరాయి ఊళ్ళో మొదటి రోజు

మీ సంగతేమో గానీ, పాతికేళ్ళ కాపురంలో నేనూ మావారూ ఇద్దరమే చేసిన ప్రయాణాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. సింహాచలం వెళ్ళినా, తిరుపతి వెళ్ళినా వెంట పిల్లలో, అత్తగారో ఉండేవారు. అమ్మాయి పెళ్ళయ్యాక "ఈసారి మీరిద్దరే వెళ్ళండమ్మా" అని అబ్బాయి సింగపూర్‌కి టిక్కెట్లు కొనిచ్చాడు. చీపురుపల్లి నుంచి విశాఖకి రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి రాత్రి విమానం ఎక్కాం. నేరుగా వెళ్తే సుమారు నాలుగు గంటలే! ఆ మొదటి రోజు ముచ్చట చెబుతాను. రేపు మీరు వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

దిగేసరికి అక్కడ ఉదయం ఆరు గంటలు. మన ఊళ్ళో అప్పటికి మూడున్నరే! సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. బయట ఇంకా చీకటిగానే ఉంది. హోటల్ గది చూస్తే మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. నిద్రలేని మొహాలతో అంతసేపు ఎక్కడుండాలో మేం ఆలోచించనే లేదు. మీరు మాత్రం పెట్టెలు ముందుగా అప్పగించే వీలుందో లేదో ఇంటిదగ్గరే కనుక్కోండి. చాలా హోటళ్ళు ఒప్పుకుంటాయి.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి మెట్రో రైలుంది. ఎక్స్‌పో స్టేషన్‌లో మారితే తిన్నగా లిటిల్ ఇండియాకి చేరొచ్చు. రైలు ఎక్కగానే నేను పులిహోర డబ్బా తీశాను. మన రైల్లో అయితే విజయనగరం దాటకుండానే తెరుస్తాం కదా! మావారు చటుక్కున నా చెయ్యి పట్టుకుని గోడమీది బొమ్మ చూపించారు. రైల్లో తిన్నా, తాగినా 500 డాలర్ల దాకా జరిమానా అట! డబ్బా మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయింది.

లిటిల్ ఇండియాలో దిగి ఒక దారికి బదులు ఇంకో దారిలో బయటికొచ్చాం. అరగంట తిరిగినా హోటల్ కనిపించలేదు. "చిరునామా సరిగ్గా రాసుకోలేదేటే?" అని ఆయన విసుక్కున్నారు. "పెట్టెలు మోస్తున్నది నేను కూడానండీ" అని నేనూ అనేశాను. ఇద్దరం మొహాలు తిప్పుకుని నిలబడ్డాం.

ఊళ్ళో బ్యాంకుకైనా, కరెంటాఫీసుకైనా ముందు నడిచేది మావారే. అలాంటి మనిషి అక్కడ ఎవర్నీ అడగలేక బిగుసుకుపోయారు. భాష సరిగ్గా రాకపోతే నవ్వుతారేమోనని బెరుకు. అది గమనించాక నా కోపం కాస్తా జారిపోయింది. ఎదురుగా పూలదండలు కడుతున్న ఒకావిడ దగ్గరికెళ్ళి చిరునామా కాగితం చూపించాను. నాకు తమిళం రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా చేత్తోనే రెండు మలుపులు చెప్పేసింది. హోటల్ పక్క వీధిలోనే ఉంది!

పెట్టెలు అప్పగించి, సెరంగూన్ రోడ్డులో 1947 నుంచీ ఉన్న కోమల విలాస్‌లో టిఫిన్ చేశాం. అదే రోడ్డులో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ కోవెలకి నడిచి వెళ్ళాం. 1855 నాటి గుడి అది. అలా మెట్లమీద కూర్చుంటే కబుర్లే కబుర్లు! ఇంకేమీ చూడలేదు. మొదటి రోజు అంతకన్నా పెట్టుకోకండి. అలసటలోనే తగువులు పుడతాయి సుమా!

మీరు వెళ్ళేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

* ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోగా ఇంటర్నెట్‌లో రాక కార్డు నింపాలి. దానికి రుసుం లేదు. వీసా మాత్రం వేరే తీసుకోవాలి.
* గసగసాలు, గసగసాలు కలిపిన మసాలాపొడి సంచిలో పెట్టకండి. జర్దా, ఖైనీ, చూయింగ్ గమ్ కూడా అంతే.
* షుగరు, బీపీ మాత్రలతోపాటు డాక్టరు చీటీ చేతిసంచిలో ఉంచుకోండి.
* అక్కడి ప్లగ్గుకి మూడు దీర్ఘచతురస్రాకారపు కాళ్ళుంటాయి. ఫోన్ ఛార్జరుకి అడాప్టరు కొనుక్కోండి.
* కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఖాళీ సీసా చాలు.
* హోటల్ చిరునామా, కొంత డబ్బు మీ సంచిలో కూడా ఉండాలి. అన్నీ ఆయన జేబులోనే ఉంటే, విడిపోయినప్పుడు మీ గతేంటి?

అన్నట్టు, ఆ టిఫిన్ దగ్గర మావారు "నీకేం కావాలి?" అని అడిగారు. ఇంట్లో రోజూ ఆ మాట అడిగేది నేను కదా, ఏం చెప్పాలో వెంటనే తోచలేదు! మీరు మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోండి.