పలకలు కనవడ్తయి, విషం కనవడది

1997ల కేరళల విళింజం కాడ ఆల్చిప్పలు తిని ఏడుగురు సచ్చిపోయిండ్రు. అయిదు వందల మందికి పైగ దవాఖానల పాలైండ్రు. తప్పు వండినోళ్లది కాదు, విషం ఆల్చిప్పల్లనే ఉన్నది. ఆ విషం పుట్టేది సముద్రపు నీళ్లల్ల తేలే ఒంటికణపు జీవుల్ల. వాటి పేరు డైనోఫ్లాజెలేట్లు.

ఇసొంటి విషం చేసేటియాటిల్ల ముందుగ చెప్పుకునేది అలెగ్జాండ్రియం. మైక్రోస్కోపు కింద చూస్తే గుండ్రటి కణం, మన వెంట్రుక మందం కన్న చిన్నది. నడుముకు మొలతాడు కట్టినట్టు ఒక గాడి, కిందికి ఇంకో గాడి. రెండిట్ల కొరడాలసొంటి రెండు తోకలు. వాటితోని బొంగరం లెక్క తిరుగుకుంట ముందుకు పోతది.

పైపొర కింద సెల్యులోజు పలకలు ఒకదాని పక్కకు ఒకటి అతికి ఉంటయి. కాల్కోఫ్లోర్ అనే రంగు ఏసి అతినీలలోహిత వెలుగుల చూస్తే పలకల అంచులు నీలంగ మెరుస్తయి. ఏ పలక ఏడున్నది, దానికి చిన్న రంధ్రం ఉన్నదా లేదా అని చూసి జాతి పేరు చెప్తరు. పలకలుంటేనే విషం అనుకోవద్దు. ఫ్లోరిడా దిక్కు చేపలను సంపే కరేనియా బ్రెవిస్‌కు పలకలే లెవ్వు.

అసలు సంగతేందంటే, పలకల లెక్క విషం సంగతి చెప్పది. 2014ల శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూసి అలెగ్జాండ్రియంల ఒక గుంపును అయిదు జాతులుగ విడదీసిండ్రు. అన్నేండ్లు గుర్తుగ పట్టుకున్న ఆ రంధ్రం నమ్మేటట్టు లేదని తేలింది. చూస్తందుకు ఒక్కతీరుగనే ఉంటయి గని ఒకటి విషం చేస్తది, ఇంకోటి చెయ్యది.

ఆల్చిప్ప నీళ్లను వడగట్టుకొని తింటది. గట్ల సాక్సిటాక్సిన్ అనే ఈ విషం దాని ఒంట్ల జమైతది. మనం తింటే అది నరాలల్ల సోడియం పోయే తొవ్వను మూస్తది. ఊపిరి తీసే కండరాలు ఆగితే పాణం పోతది. ఎంత ఉడకవెట్టినా ఆ విషం ఇరగది.

మన హైదరాబాదుల ఉన్న ఇన్‌కాయిస్, ఉపగ్రహం పంపే సముద్రపు రంగు చూసి నాచు పెరిగిన జాగలు చెప్తది. ఉపగ్రహానికి రంగు కనవడ్తది, మైక్రోస్కోపుకు పలకలు కనవడ్తయి. విషం తెల్వాలంటే ఆల్చిప్ప మాంసాన్నే పరీక్ష చెయ్యాలె. కిలో మాంసంల 0.8 మిల్లీగ్రాముల కన్న ఎక్కువ ఉండొద్దని కోడెక్స్ అంతర్జాతీయ నియమం. ఎగుమతి సరుకుకే కాదు, ఒడ్డుమీద గంపల అమ్మే సరుకుకు గుడ ఆ పరీక్ష ఉండాలెనన్నది నా మాట. తినేటోళ్ల పాణం ఏడైనా ఒక్కటే గదా.