స్పోర్ట్స్ ప్యాక్‌కి ఏడాదంతా కట్టాలా? రీఛార్జ్‌కి ముందు ఈ లెక్క చూసుకోండి

మంగళగిరి: ఐపీఎల్ దగ్గర పడిందంటే కేబుల్ ఆపరేటర్ ఫోన్ ఖాళీగా ఉండదు. తెలుగు కామెంటరీ ఛానెల్ రావట్లేదని ఒకరు, పోయినేడు వచ్చింది ఇప్పుడెందుకు ఆగిందని ఇంకొకరు. అటు నుంచి వచ్చే సమాధానం ఒక్కటే, ప్యాక్ మార్చుకోవాలి. నెలకు ఇంకొంచెం ఎక్కువ అవుతుంది. అక్కడే ఇంట్లో చర్చ మొదలు. చేతిలో ఫోనుంది, అందులో డేటా ఉంది, మళ్లీ టీవీకి విడిగా డబ్బులెందుకు?

కట్టడం దండగని తేల్చేసే ముందు, ఆ డబ్బుకి అసలు ఏం వస్తోందో చూడాలి. మ్యాచ్ బొమ్మ ఏ భాష ఛానెల్‌లోనైనా ఒక్కటే. తెలుగు స్పోర్ట్స్ ఛానెల్ అమ్మేది మాట. స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ 2018 డిసెంబర్‌లో వచ్చింది. తమిళం, తెలుగు వ్యాఖ్యానంతో సోనీ టెన్ 4 వచ్చింది 2021లో. గుంటూరు జిల్లాకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్, విశాఖ వేణుగోపాలరావు లాంటి మాజీ ఆటగాళ్ల గొంతులు మన ఇళ్లలో వినిపిస్తున్నది ఈ ఛానెళ్ల వల్లే.

మంగళగిరిలో దీని విలువ ఇంకాస్త ఎక్కువ. గుంట మగ్గంలో కూర్చున్న మనిషికి చేతులు నాడె మీద, కాళ్లు తొక్కుడు చెక్కల మీద, కళ్లు పడుగు మీద ఉంటాయి. టీవీ పక్క గదిలో నడుస్తున్నా మ్యాచ్ చూసేది చెవులతోనే. హిందీలోనో ఇంగ్లిష్‌లోనో వస్తే అది చప్పుడే. తెలుగులో వస్తే స్కోరు, ఫీల్డింగ్, ఎవరు అవుటయ్యారన్నది తల ఎత్తకుండానే తెలిసిపోతుంది. ఇలాంటి ఇంట్లో తెలుగు ఛానెల్‌ని దండగ ఖర్చు అనలేం. అందరూ టీవీ ముందే కూర్చుని చూసే ఇంట్లో, హిందీ కామెంటరీతో ఇబ్బంది లేకపోతే, అంత అవసరం లేదు.

మనోళ్ల ఆట, రెండు కంపెనీల చేతిలో

చిక్కేంటంటే, ఒక కంపెనీ ప్యాక్ వేయించుకుంటే అన్నీ వచ్చేయవు. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టింది స్టార్‌లో వచ్చింది. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో హైదరాబాదీ సిరాజ్ ఐదో వికెట్ తీసి 6 పరుగుల తేడాతో టెస్టు గెలిపించింది సోనీలో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 28న పాకిస్థాన్‌పై ఆసియా కప్ ఫైనల్లో తిలక్ వర్మ 69 నాటౌట్‌గా నిలిచిందీ సోనీలోనే. ఐపీఎల్ టీవీ హక్కులు మాత్రం 2023 నుంచి 2027 వరకు స్టార్‌వి. వాటికి ఆ కంపెనీ ఒప్పుకున్న ధర 23,575 కోట్లు. తెలుగు టైటాన్స్ ఆడే ప్రో కబడ్డీ కూడా అక్కడే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ ఇంగ్లండ్ టెస్టులు టీవీలో సోనీవి, ఫోన్‌లో మాత్రం జియోహాట్‌స్టార్‌వి. కాబట్టి 'క్రికెట్ ప్యాక్ కావాలి' అని అడిగితే సరిపోదు. ఏ సిరీస్, టీవీలోనా ఫోన్‌లోనా అన్నది ముందు తేల్చుకోవాలి.

బిల్లులో ఏముంటుంది?

2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ పెట్టిన విధానంలో బిల్లు రెండు ముక్కలు. ఒకటి కనెక్షన్‌కి కట్టే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. రెండోది ఎంచుకున్న పే ఛానెళ్ల ధర. వీటి మీద 18 శాతం జీఎస్టీ. కనెక్షన్ ఫీజుకి ఒకప్పుడు 130 రూపాయల పరిమితి ఉండేది. 2024 జులైలో ట్రాయ్ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు ఎంతన్నది ఆపరేటర్‌ని బట్టి ఉంటుంది.

ప్యాక్‌లో కలిపి అమ్మే ఏ ఛానెల్ ధరా విడిగా 19 రూపాయలు దాటకూడదన్నది రూల్. పూర్తిగా 19 అనే అనుకుందాం. జీఎస్టీతో 22 రూపాయల 42 పైసలు. ఐపీఎల్ నడిచే మూడు నెలలకు ఒక్క తెలుగు స్పోర్ట్స్ ఛానెల్‌కి అయ్యేది సుమారు 67 రూపాయలు. అదే స్టార్, సోనీ తెలుగు ఛానెళ్లు రెండూ ఏడాది పొడవునా ఉంచితే సుమారు 538. కనెక్షన్ ఫీజు ఎలాగూ కడుతున్నదే కాబట్టి ఈ లెక్కలో కలపలేదు. తేడా అంతా నెలల దగ్గరే ఉంది.

'ప్యాక్‌గా తీసుకుంటే చవక' అన్న మాట పూర్తి అబద్ధం కాదు. ఛానెళ్ల కంపెనీ విడివిడి ధరల మొత్తం మీద 45 శాతం దాకా తగ్గించి ప్యాక్ ఇవ్వొచ్చు. కాకపోతే ఆ తగ్గింపు ఇంట్లో ఎవరూ చూడని ఛానెళ్లకు కూడా కలిపే.

మరో విషయం చాలామంది గమనించరు. స్టార్ మా సీరియళ్ల కోసం తీసుకున్న తెలుగు ప్యాక్‌లోనే ఆ కంపెనీ స్పోర్ట్స్ ఛానెల్ కూడా ఉండొచ్చు. అంటే ఇంట్లో ఆడవాళ్ల సీరియల్ ఖర్చులోనే మగవాళ్ల క్రికెట్ వచ్చేసినట్టు (క్రికెట్ చూసే ఆడవాళ్లు, సీరియల్ వదలని మగవాళ్లు ఎంతమంది లేరు, అది వేరే సంగతి). కొత్తగా వేయించే ముందు పాత ప్యాక్ లిస్టు చూసుకోండి. సోనీకి తెలుగులో సీరియళ్ల ఛానెల్ లేదు కాబట్టి టెన్ 4ని మాత్రం గుర్తుపెట్టుకుని అడగాల్సిందే.

'డీడీ స్పోర్ట్స్‌లో ఫ్రీగా వస్తుందిగా?'

సగం నిజం. 2007 నాటి చట్టం ప్రకారం భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20ల ప్రసారాన్ని ప్రైవేటు కంపెనీలు ప్రసార భారతితో పంచుకోవాలి. అయితే అలా తీసుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత టవర్లు, డీడీ ఫ్రీ డిష్‌లకే పరిమితమని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చింది. అందుకే కేబుల్‌లోనో ప్రైవేటు డీటీహెచ్‌లోనో డీడీ పెడితే ఆ టైంకి మ్యాచ్ బదులు వేరే ప్రోగ్రాం కనిపిస్తుంది. అందులో ఆపరేటర్ తప్పేమీ లేదు. ఇంటి మీద ఫ్రీ డిష్ ఉంటే మాత్రం ఒకసారి డిష్, బాక్సు కొన్నాక నెలవారీ చందా ఉండదు. ఇండియా వన్డేలు, టీ20లు మాత్రమే చూసేవాళ్లకు ఇది చాలు. ఐపీఎల్, ప్రో కబడ్డీ ఈ చట్టం కిందికి రావు.

2017 డిసెంబర్ 27న అమరావతిలో ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ అన్నారు. ఇంత తక్కువకు అన్నీ వచ్చేస్తాయన్న ఆశ అప్పటినుంచి ఈ ప్రాంతంలో చాలామందికి ఉండిపోయింది. పే ఛానెల్‌కి విడిగా కట్టాల్సిందే.

ఫోన్ ఒక్కటే చాలా?

ఒక్కరే చూసేవాళ్లకు చాలు. 2023, 2024 సీజన్లలో జియోసినిమా ఐపీఎల్‌ని ఉచితంగా చూపించింది. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మొబైల్ ప్లాన్ మూడు నెలలకు 149 రూపాయలు. ఆ ఏడాది కొన్ని రీఛార్జ్‌లతో 90 రోజులు కలిపి ఇచ్చారు కూడా. ప్లాన్ల ధరలు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున యాప్‌లో చూసుకోండి. అయితే మొబైల్ ప్లాన్ ఒక్క ఫోన్‌కే, టీవీకి పనికిరాదు. ఒక మ్యాచ్ నాలుగు గంటలు. క్వాలిటీ పెంచి చూస్తే రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ చివరి ఓవర్ల దాకా నిలవడం కష్టం. సరిగ్గా ఛేజింగ్ టైంకి డేటా అయిపోయిన బాధ తెలిసినవాళ్లకు తెలుసు.

నలుగురు కలిసి చూసే ఇంటికి, చూసేవాళ్లలో పెద్దవాళ్లుంటే ఇంకా, టీవీలో ఒక్క తెలుగు ఛానెల్ విడిగా వేయించుకోవడమే తక్కువలో పోయే దారి. స్పోర్ట్స్ ఛానెళ్లన్నీ ఉన్న పెద్ద ప్యాక్ ఏడాదంతా ఉంచడం, ఫుట్‌బాల్, టెన్నిస్ కూడా వదలకుండా చూసేవాళ్లకు తప్ప, అనవసరం.

రీఛార్జ్ చేయించేటప్పుడు ఛానెల్ విడి ధర ఎంత, ఏ తేదీ వరకు ఉంటుంది, మధ్యలో తీసేయొచ్చా అని అడగండి. ఫైనల్ అయిన మర్నాడే ఫోన్ చేసి తీసేయమనండి. 2025లో ఐపీఎల్ ఫైనల్ జూన్ 3న అయిపోయింది. ఇంగ్లండ్ టెస్టులు జూన్ 20న సోనీలో మొదలయ్యాయి. అప్పటికీ స్టార్ స్పోర్ట్స్‌కే నెలనెలా కడుతూ, టెస్టు మ్యాచ్ ఎందుకు రావట్లేదని ఆపరేటర్‌తో గొడవపడితే లాభం లేదు.